ఇరవై ఆరు నెలలు వాడాక: ఫోన్ మంచిదే, కాకపోతే నేను కొన్నది ఇది కాదు

ఈ ఫోన్ నా చేతికొచ్చి ఇరవై ఆరు నెలలైంది. ఎలా ఉందని ఇవాళ అడిగితే బాగుందనే చెబుతాను. మొదటి నాలుగు నెలల్లో అడిగి ఉంటే మాత్రం, పక్కన పిల్లలెవరూ లేరు కదా అని చూసుకుని మరీ జవాబు చెప్పేవాణ్ణి. తెర, చిప్, కెమెరా, బ్యాటరీ అన్నీ అప్పటివే. మారింది లోపలి సాఫ్ట్‌వేర్ ఒక్కటే. కంపెనీ పేరు రాయడం లేదు. ఆ పేరు తీసేసి ఇంకోటి పెట్టినా కథ పెద్దగా మారదు.

పెట్టె తెరిచి ఆన్ చేయగానే అప్‌డేట్ అడిగింది. అందులో వింతేమీ లేదు. ఫోన్లోకి సాఫ్ట్‌వేర్ ఎక్కించేది ఫ్యాక్టరీలో, అంటే అమ్మకానికి కొన్ని వారాల ముందే. ఫోన్లు గోదాముల్లో ఉన్న రోజుల్లో ఇంజనీర్లు మిగిలిన బగ్‌లు, అంటే సాఫ్ట్‌వేర్‌లోని తప్పులు, దిద్దుతూ ఉంటారు. ఆ పనంతా మొదటి రోజు అప్‌డేట్‌గా దిగుతుంది. దానితో నాకు తగవు లేదు. అది దిగాక కూడా మిగిలిపోయినవాటితోనే తగవు.

అన్నిటికంటే విసిగించినవి కాల్స్. చెవి దగ్గర పెట్టుకుంటే తెర ఆరిపోవాలి. ఆరేది కాదు. చెంప తగిలి మ్యూట్ పడేది, ఒక్కోసారి కాలే కట్టయ్యేది. ఓసారి ఆఫీసు పని గురించి ఐదు నిమిషాలు ధాటిగా వివరించి, అవతల ఉలుకూ పలుకూ లేకపోతే తెర చూసుకున్నాను. మ్యూట్. సెన్సర్ పోయిందనుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్తే, అసలు ఇందులో విడిగా ప్రాక్సిమిటీ సెన్సరే లేదన్నారు. తెర అంచు సన్నగా ఉండాలని దాన్ని తీసేశారట. మన చెవికి అందని అల్ట్రాసౌండ్‌ను స్పీకర్ నుంచి పంపి, మైకుకు తిరిగొచ్చిన ప్రతిధ్వనిని బట్టి, ఫోన్ కదలికను బట్టి, చెవి దగ్గరుందో లేదో సాఫ్ట్‌వేరే అంచనా కడుతుందట. ఆ అంచనా ఇంకా కుదరలేదు, అంతే.

"హార్డ్‌వేర్ బాగుంటే చాలు, సాఫ్ట్‌వేర్ తర్వాత సరిచేస్తారులే" అని నేనూ అనుకునే కొన్నాను. ఆ రోజు ఆ భ్రమ వదిలింది. ఇప్పటి ఫోన్లో హార్డ్‌వేర్ ఎక్కడ ఆగి సాఫ్ట్‌వేర్ ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. రాత్రి తీసే ఫొటో ఒక్క ఫొటో కాదు, వెంటవెంటనే తీసిన చాలా ఫ్రేములను కలిపి కట్టిన బొమ్మ. ఆ కలపడం సరిగ్గా రాకపోతే లెన్సు ఎంత గొప్పదైనా, నా మొదటి నెలల ఫొటోల్లోలా, కదిలిన మనిషికి రెండు మొహాలు వస్తాయి. వేడెక్కితే చిప్ వేగం ఎంత తగ్గించాలో, ఛార్జింగ్ ఎప్పుడు నెమ్మదించాలో చూసుకునేదీ సాఫ్ట్‌వేరే. అది పూర్తికాలేదంటే ఫోనే పూర్తికాలేదన్నమాట.

అన్నీ సిద్ధమయ్యేదాకా అమ్మొద్దని మాత్రం అనను. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్‌లో కాపీ-పేస్ట్ లేదు, యాప్ స్టోర్ లేదు. యాప్ స్టోర్ 2008లో, కాపీ-పేస్ట్ 2009లో వచ్చాయి. అది నాకు తప్పుగా తోచదు, లేనివాటిని ఉన్నట్టు చూపించి అమ్మలేదు కదా. 2024 నాటి ఐఫోన్ 16 దగ్గరికొస్తే సంగతి వేరు. ప్రచారమంతా యాపిల్ ఇంటెలిజెన్స్ అనే కృత్రిమ మేధ సదుపాయాల గురించే. సెప్టెంబరులో కొన్నవాళ్ళ ఫోన్లో అది లేదు. మొదటి విడత అక్టోబరు నెలాఖరున ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 18.1తో వచ్చింది. మన సొంత సమాచారాన్ని అర్థం చేసుకుని పనిచేస్తుందన్న కొత్త వాయిస్ అసిస్టెంట్ సిరి ఇంకా ఆలస్యమవుతుందని 2025 మార్చిలో కంపెనీయే చెప్పింది.

నా ఫోన్ సంగతికి వస్తే, రెండో నెల అప్‌డేట్‌తో కాల్స్ కొంత దారికొచ్చాయి, బ్యాటరీ దారి తప్పింది. అంతకుముందు రాత్రంతా పక్కన పడేస్తే మూడు శాతం తగ్గేది, ఆ అప్‌డేట్ తర్వాత పద్దెనిమిది. పోనీ పాత వెర్షన్‌కి వెళ్దామంటే ఫోన్ ఒప్పుకోదు. పాతదాంట్లోని భద్రతా లోపాలు మళ్ళీ తెరుచుకోకూడదని ఆ దారి మూసేస్తారు. కారణం న్యాయమైనదే, కానీ నాకు మాత్రం ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఫోన్లో ఉన్నదంతా చెరిపేసే ఫ్యాక్టరీ రీసెట్ కూడా చేసి చూశాను, ఒక ఆదివారం పోయింది తప్ప ఒరిగిందేమీ లేదు. పెద్ద కంపెనీలకూ ఈ చెయ్యిజారడం తప్పలేదు. 2014 సెప్టెంబరులో ఐఓఎస్ 8.0.1 వేసుకున్న ఐఫోన్ 6 వాళ్ళలో చాలామందికి నెట్‌వర్కే పోయింది. యాపిల్ ఆ రోజే దాన్ని వెనక్కి తీసుకుని మర్నాడు 8.0.2 ఇచ్చింది. నా ఫోన్‌కి ఆ మర్నాడు రావడానికి ఏడు వారాలు పట్టింది.

ల్యాబులో అన్ని బగ్‌లూ దొరకవని తెలుసు. ఇన్ని నెట్‌వర్కులు, ఇన్ని యాప్‌లు, ఇన్ని రకాల వాడకాలు. ఫలానా బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌తో హాట్‌స్పాట్ ఆన్ చేస్తేనే వచ్చే బగ్‌ని నేను క్షమిస్తాను. కానీ చెవి దగ్గర తెర ఆరకపోవడం ఒక్క కాల్ చేసినవాడికైనా కనిపిస్తుంది. కనిపించే ఉంటుంది, తేదీ ప్రకటించేశారు కనుక పంపేశారు. బీటా వెర్షన్లు, అంటే పరీక్ష కోసం ముందుగా ఇచ్చేవి, నేనూ వాడాను, పాత ఫోన్లో, తెలిసి ఒప్పుకుని. దీనికి ఎవరూ నన్ను అడగలేదు.

ఐదో నెల నుంచి ఫోన్ కుదురుకుంది. నైట్ మోడ్ ఇప్పుడు నిజంగా ముచ్చటగా ఉంది, ఫింగర్‌ప్రింట్ తడి వేలికి తప్ప ఎప్పుడూ మొరాయించదు, వేడి సమస్య పోయింది. ఇప్పుడు కొనొచ్చా అంటే ఒక చిక్కుంది. దీనికి నాలుగేళ్ళు సెక్యూరిటీ ప్యాచ్‌లు, అంటే భద్రతా లోపాలు పూడ్చే అప్‌డేట్లు, ఇస్తామన్నారు. ఆ లెక్క ఫోన్ విడుదలైన రోజు నుంచి, బాగుపడిన రోజు నుంచి కాదు. అందులో సగానికి పైగా అయిపోయింది. రెండేళ్ళకోసారి ఫోన్ మార్చేవాళ్ళయితే కళ్ళు మూసుకుని తీసుకోండి. చాలాకాలం వాడేవాళ్ళు మాత్రం ఏడేళ్ళ అప్‌డేట్ల మాట ఇచ్చిన మోడల్ చూసుకోవడం మేలు, 2023లో పిక్సెల్ 8కి గూగుల్ ఇచ్చినట్టు. అదైనా వచ్చిన మొదటి వారంలో కాదు.

గత వారం ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్ సిద్ధంగా ఉందని నోటిఫికేషన్ వచ్చింది. రాత్రంతా పక్కన పెడితే ఇప్పుడు తగ్గేది రెండు శాతం. 'తర్వాత' అన్నదాన్ని నొక్కాను.