కోరంగి మడ అడవికి వెళ్తే మకాం ఎక్కడ? కాకినాడా, యానామా?

గోదావరి సముద్రంలో కలిసేచోట ఉప్పునీటి బురదలో పెరిగిన కోరంగి మడ అడవి చూడాలనుకునేవారు ముందుగా అడిగేది అడవికి బాగా దగ్గర్లో గది ఎక్కడ దొరుకుతుందని. 216వ నంబరు జాతీయ రహదారి మీద ఒకవైపు కాకినాడ, ఇంకోవైపు యానాం, నడుమ తాళ్లరేవు మండలంలో కోరంగి. ఆ చివరి నుంచి ఈ చివరికి మొత్తం కలిపినా సుమారు 30 కిలోమీటర్లే. ఎటునుంచి బయల్దేరినా టిఫిన్ అరగకముందే గేటు దగ్గర ఉంటారు. పైగా ఇది పులుల అడవి కాదు, చీకటితో లేచి జీపు ఎక్కనక్కర్లేదు. టికెట్లు ఇచ్చేది ఆఫీసు వేళల్లోనే. కాబట్టి దూరాన్ని లెక్కలోంచి తీసేయండి. రాత్రి భోజనం ఏమిటి, మీ వెంట వచ్చేది ఎవరు అన్న రెండే మకాం సంగతి తేలుస్తాయి.

కోరంగి ఊళ్లోనే ఉండిపోకూడదా అంటారేమో. ఒకప్పుడైతే ఉండవచ్చు. ఓడలు కట్టిన, విదేశీ నావలు ఆగిన పెద్ద రేవు అది. 1839 నవంబరు తుపానులో సముద్రం ఊరి మీదికి వచ్చి రేవును తుడిచిపెట్టింది. ఆ తర్వాత కోరంగి పల్లెగా మిగిలింది, వ్యాపారం కాకినాడకు పోయింది. ఇప్పుడు రోడ్డు పక్కన టీ, ఇడ్లీ, కొబ్బరి బోండాం దొరుకుతాయి. పిల్లలతో వెళ్లేవారు రాత్రి మకాంకు మాత్రం ఆ ఊరిని నమ్ముకోవద్దు.

కాకినాడలో గదులకు కరువు లేదు. రైలు దిగి నేరుగా వెళ్లగలిగే మామూలు లాడ్జి నుంచి లిఫ్టు, జనరేటరు ఉన్న హోటలు వరకు మీ జేబును బట్టి ఏరుకోవచ్చు. అయితే ఊరు పొడవైనది. భానుగుడి జంక్షన్ వైపు హోటళ్లు బాగుంటాయి కానీ, కోరంగి రోడ్డు పట్టుకోవాలంటే మెయిన్ రోడ్డు ట్రాఫిక్కంతా దాటి జగన్నాథపురం వంతెన మీదుగా పోవాలి. మెయిన్ రోడ్డు దిగువన గది తీసుకుంటే పొద్దున్న ఆ చిరాకు తగ్గుతుంది. సొంత బండి లేనివారికి కాకినాడ ఇంకా మేలు. అమలాపురం వైపు వెళ్లే బస్సులు కోరంగి మీదుగానే పోతాయి.

తిండి విషయంలో శాకాహారులకు కాకినాడకు సాటి లేదు. సుబ్బయ్య గారి హోటల్లో ఆకు వేసి, వద్దంటున్నా వడ్డించే భోజనం ఒక్కటి చాలు. నలుగురుంటే బుట్ట భోజనం కట్టించుకుని గదిలో తీరికగా తినవచ్చు. చిక్కల్లా వేళతోనే. పొద్దున్న అడవికి వెళ్లినవాళ్లు తిరిగి వచ్చేసరికి సరిగ్గా జనం వరుస కట్టి ఉంటారు. ఆకలికి తాళలేని పెద్దవాళ్లు వెంట ఉంటే ఆ వరుసలో నిలబెట్టకండి. ఇక కోటయ్య కాజా. గొట్టం కాజాను నిలబడి, కాస్త ముందుకు వంగి కొరకాలి. లేకపోతే పాకం చొక్కా మీదే.

యానాం సంగతి వేరు. చుట్టూ ఆంధ్రప్రదేశే అయినా, 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న ఆ చిన్న ఊరు నేటికీ పుదుచ్చేరిలో భాగం. హోటళ్లు కాకినాడతో పోలిస్తే బాగా తక్కువ. కానీ గోదావరి పాయ అయిన గౌతమి గట్టున సాయంత్రం నడక, ఎదుర్లంక వంతెన అవతల కోనసీమ కొబ్బరితోటలు కాకినాడలో ఎంత డబ్బు పెట్టినా రావు. నది వైపు కిటికీ ఉన్న గది అడగండి. దోమలకు తెర ఉందో లేదో చూసుకుని అప్పుడు సంచులు దించండి. మరో సంగతి సుతిమెత్తగానే చెప్పాలి. అక్కడ మద్యం ధర ఆంధ్రాలో కంటే తక్కువ. అందుకని శని, ఆదివారాల్లో గదులన్నీ మడ అడవి ప్రేమికులతోనే నిండుతున్నాయని భ్రమపడకండి. కుటుంబంతో వెళ్లేవారు ఆ రెండు రాత్రులు తప్పించుకుంటే మంచిది. వెళ్లక తప్పకపోతే పై అంతస్తులో, మెట్లకు దూరంగా గది తీసుకోండి. సీసాలు సంచిలో వేసుకుని ఆంధ్రాలోకి దాటిద్దామనే ఆలోచన ఉంటే మానుకోండి. దారిలో తనిఖీలుంటాయి, నేరమవుతుంది.

అయినా చేప తినేవారు యానాం పేరు వినగానే మనసు మార్చుకుంటారు. దానికి కారణం పులస. వర్షాకాలంలో గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు సముద్రం నుంచి ఎదురీదుతూ వచ్చే ఈ చేపకు యానాం పేరుమోసిన అంగడి. ధర వేలల్లో పలుకుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్న మాట పుట్టిందే ఈ పక్క. హోటల్లో అడిగిన వెంటనే పళ్లెంలో పెట్టేస్తే మాత్రం ఒకసారి అనుమానించండి. సముద్రంలో పట్టినదాన్నీ, ఐసులో దూరం నుంచి వచ్చినదాన్నీ అదే పేరుతో అమ్మేవారున్నారు. అసలు పులుసు మట్టిదాకలో సన్నని సెగ మీద మరిగి, బెండకాయలు, ఆవకాయ నూనె పడి, ఒక రాత్రి ఊరితే గాని రుచికి రాదు. కాబట్టి ముందు రోజే చెప్పి చేయించుకోవడం పద్ధతి. ఆ లెక్కన పులస తినాలంటే యానాంలోనో, ఆ చుట్టుపక్కలో రాత్రి ఆగడమే సులువు.

కానీ ఇక్కడొక మెలిక ఉంది. మడ అడవికి మంచి కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. వలస పక్షులు దిగేది, ఎండ చల్లబడేది అప్పుడే. పులస జులై నుంచి సెప్టెంబరు మధ్య వరద చేప. అప్పుడు వానకు అడవిలో నడిచే చెక్కబాట జారుతుంది, పడవ తిప్పుతారన్న నమ్మకమూ ఉండదు. పక్షులూ పులసా ఒకే ప్రయాణంలో కుదరవు. శీతాకాలం మొదట్లో వెళ్లేవారికి యానాంలో చీరమేను దొరుకుతుంది. వేలెడంత కూడా లేని ఆ చేపపిల్లలను చింతకాయతో వండినా, గారెలు వేసినా బాగుంటాయి. అదీ తక్కువ ధరకేమీ రాదు. పైగా అది కార్తీకమాసం. ఇంట్లో సగం మంది ఆ నెలంతా నీచు ముట్టరు. అలాంటి కుటుంబాన్ని చేప కోసం యానాంలో దింపడం అన్యాయం, కాకినాడకే తీసుకువెళ్లండి.

ఎక్కడ ఉన్నా, హోటలు కన్నా ముందు అడగవలసింది పోటు, పాటు వేళలు, అంటే సముద్రపు నీరు ఎక్కే, దిగే వేళలు. పాటు సమయంలో నీరు తగ్గి బురద బయటపడితేనే నేలలోంచి పైకి పొడుచుకువచ్చిన మడవేర్లు, ఎర్ర పీతలు, బురద మీద గెంతే చేపలు కనిపిస్తాయి. పాయల్లో పడవ తిరగాలంటే పోటు ఉండాలి. ఆ వేళ రోజుకు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్న వెళ్లినవారి మాట నేటికి పనికిరాదు. చేపలు పట్టి తినే అడవిపిల్లి, బావురుపిల్లి కోసం వెళ్తున్నామనేవారు ఆశ తగ్గించుకోండి, అది రాత్రిపూట వేటాడే జంతువు. కాకినాడ తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్ దీవి మీదే మనసున్నవారు అనుమతి, సముద్రం రెండూ కలిసివచ్చాకే గదికి డబ్బు కట్టండి.

కోనసీమలోని దిండిలో పర్యాటక శాఖ రిసార్టు, ఇంటిపడవలు ఉన్నాయని కొందరు అక్కడ దిగుతారు. ఇంటిపడవ కోసమైతే సరే. కోరంగి కోసమైతే డెల్టా ఈ అంచు నుంచి ఆ అంచుకు రావడమే. రాజమహేంద్రవరం పాపికొండల జాతీయ పార్కుకు వెళ్లేవారి మకాం. మడ అడవిని దానితో ముడిపెట్టవద్దు.

నా మటుకు నేను రాత్రి కాకినాడలోనే పడుకుంటాను. పొద్దున్న కోరంగి చూసుకుని, తిరిగి కాకినాడ రాకుండా ముందుకే సాగి, యానాంలో చేపల పులుసుతో మధ్యాహ్న భోజనం చేస్తాను. పగటిపూట ఊరు ప్రశాంతంగా ఉంటుంది, వారాంతపు గోల సాయంత్రానికి గాని మొదలు కాదు. ఇద్దరే వెళ్తూ, వారం మధ్యలో సెలవు దొరికితే మాత్రం యానాంలో నది వైపు గదికే నా ఓటు. చొల్లంగి అమావాస్య రోజున మాత్రం ఈ రెండూ వద్దు. పుష్య అమావాస్య స్నానాలకు వచ్చే జనంతో కాకినాడ, కోరంగి మధ్య రోడ్డు కిక్కిరిసిపోతుంది. సొంత కారులో వచ్చేవారు ట్యాంకు నింపడం యానాం దాకా వాయిదా వేసుకోవచ్చు. అక్కడ పన్ను తక్కువ, పెట్రోలూ ఆ మేరకు చౌక.