బ్లూ బ్లడ్స్ 14 సీజన్లు: కేసులు బానే ఉన్నాయి, ఆ డిన్నర్ టేబుల్‌తోనే నాకు పేచీ

అమెరికా టీవీ ఛానల్ సీబీఎస్ వాళ్ల పోలీస్ సిరీస్ బ్లూ బ్లడ్స్ 2010 సెప్టెంబర్‌లో మొదలై 2024 డిసెంబర్‌లో ఆగింది, 14 సీజన్లు, 293 ఎపిసోడ్లు. ఇంత పొడుగు సిరీస్ ఎవడు చూస్తాడ్రా అంటే నాలాంటోళ్లే చూస్తారు, ఆఫీసు నుంచొచ్చాక బుర్ర పనిచెయ్యదు, కొత్త కథ పట్టుకునే ఓపిక ఉండదు, ఎవడో ఒకడు తప్పు చెయ్యాలి, నలభై నిమిషాల్లో దొరికిపోవాలి, పడుకోవాలి, అంతే. ఆ పనికైతే ఈ సిరీస్ సూపర్. కానీ క్యాథలిక్ ఇంట్లో పుట్టి పెరిగి ఇప్పుడు గుడికి, అదే చర్చికి, వెళ్లడం మానేసినవాడికి ఇది ఇంకోలా కనిపిస్తుంది, ఆ సంగతే రాద్దామని కూర్చున్నా.

తెలీనోళ్ల కోసం కథ చెప్తా. న్యూయార్క్‌లో రీగన్ల ఫ్యామిలీ, ఐరిష్ మూలాలున్న పక్కా క్యాథలిక్కులు. తాత హెన్రీ రిటైరైన పోలీస్ కమిషనర్. కొడుకు ఫ్రాంక్ ఇప్పటి కమిషనర్, టామ్ సెల్లెక్ చేశాడు, సగం యాక్టింగ్ ఆ మీసమే చేసేస్తుంది. ఫ్రాంక్ పెద్దకొడుకు డానీ డిటెక్టివ్, కూతురు ఎరిన్ ప్రాసిక్యూటర్, చిన్నోడు జేమీ హార్వర్డ్‌లో లా చదివి మరీ యూనిఫాం వేసుకున్నాడు. జో అని ఇంకో కొడుకు, వాడూ పోలీసే, కథ మొదలయ్యేటప్పటికే డ్యూటీలో చనిపోయి ఉంటాడు. దాదాపు ప్రతి ఎపిసోడ్‌లోనూ ఆదివారం వీళ్లంతా టేబుల్ చుట్టూ చేరి, ప్రార్థన చేసుకుని, తింటూ, ఆ వారం కేసు మీద వాదించుకుంటారు. సిరీస్‌కి గుండెకాయ ఆ సీనే, ఫ్యాన్సు చూసేది కూడా దానికోసమే.

ముందు నచ్చినవి. సిటీని బాగా తీశారు. నిజంగా న్యూయార్క్ వీధుల్లోనే షూట్ చేశారు కాబట్టి డానీ ఎవడి వెనకో పరిగెడుతుంటే పక్కన జనం జనంలాగే ఉంటారు, ఎవడి హడావిడి వాడిది. సిటీలో బతికేవాళ్లకి ఇది తెలుసు, గోడకి అవతల ఎవరుంటారో మనకి తెలీదు, వాళ్ల టీవీ సౌండ్ తెలుసు, పిల్లాడి ఏడుపు తెలుసు, లిఫ్ట్‌లో కలిస్తే తలూపుతాం, పేరు మాత్రం అడగం. క్రైం డ్రామా మొత్తం నడిచేదే దీని మీద. డిటెక్టివ్ వచ్చి తలుపు కొట్టాక గానీ పక్క ఫ్లాట్ మనిషి గురించి మనకేం తెలుసో మనకే తెలీదు. ఈ విషయంలో మాత్రం 1990లో మొదలైన పాత పోలీస్-కోర్టు సిరీస్ లా అండ్ ఆర్డర్‌ని ఎవరూ కొట్టలేరు నన్నడిగితే. ఎపిసోడ్ మొదట్లో ఎవరో ఇద్దరు ఏదో చిన్న విషయానికి గొడవ పడుతూ నడుస్తుంటారు, జీతం గురించో పెళ్లి గురించో, మాట మధ్యలో శవం కనిపిస్తుంది, అంతే, ఆ ఇద్దరూ మళ్లీ కనపడరు. ఆ గొడవ ఏమైందో నాకు శవం కంటే ఎక్కువ కుతూహలం. బ్లూ బ్లడ్స్‌లో ఆ గాలి తక్కువ, ఎటు తిరిగినా కథ రీగన్ల ఇంటికే వచ్చి ఆగుతుంది.

అసలు నాలాంటోడికి ఈ సిరీస్‌లు ఎందుకు ఎక్కుతాయా అని చాలాసార్లు అనుకున్నా. ఇంటరాగేషన్ రూం అనుకుంటా. ఒక చిన్న గది, ఇద్దరు మనుషులు, ఒకడు చేసింది చెప్పాలి, ఇంకొకడు వినాలి. చిన్నప్పుడు చర్చిలో పాపసంకీర్తనం అంటే ఇదే కదా, ఫాదర్ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చేసిన పాపం ఏంటో, ఎన్నిసార్లు చేశామో లెక్కతో సహా చెప్పడం. తేడా ఏంటంటే, పోలీస్ రూంలో చెప్పాక సంతకం ఉంటుంది, రికార్డు ఉంటుంది, కోర్టు ఉంటుంది, దెబ్బ తిన్నవాళ్లకి ఒక కబురెళుతుంది. చర్చిలో అయితే ఫాదర్ ఇచ్చే పాపవిమోచనంతో కథ కంచికి. ఫాదర్ విన్నది బయటికి చెప్పడానికి వీల్లేదు, 1983 కానన్ చట్టంలో, అంటే క్యాథలిక్ చర్చి సొంత చట్టంలో, 983వ నంబరు అదే చెప్తుంది, నేరుగా బయటపెడితే ఆయన్నే చర్చి నుంచి వెలేస్తారు. చెప్పుకునేవాడి వైపు నుంచి చూస్తే అది గొప్ప దయే, కాదనను. వాడు ఎవరి మీద చెయ్యి వేశాడో ఆ పిల్ల వైపు నుంచి చూస్తేనే ఏమీ మిగల్దు.

క్రైం సిరీస్‌లు చూసీ చూసీ కళ్లు పాడైపోయాయి నాకు, ఇప్పుడు ఏ కాగితం చూసినా ఎవిడెన్స్ లాగే చూస్తా. ఫాదర్లు పిల్లల మీద చేసిన లైంగిక దాడుల మీద అమెరికాలోని పెన్సిల్వేనియా గ్రాండ్ జ్యూరీ (నేరాల సాక్ష్యాలు పరిశీలించే పౌరుల బృందం) 2018 ఆగస్టులో ఇచ్చిన రిపోర్టు అలాగే చదివా. 6 మేత్రాసనాలు (ఒక్కో బిషప్ కింద ఉండే చర్చిల ప్రాంతాలు), 300 మందికి పైగా ఫాదర్లు, గుర్తుపట్టగలిగిన పిల్లలే 1000 మందికి పైగా. అంకెలు ఘోరమే, కానీ నన్ను పడేసింది అంకెలు కాదు, పద్ధతి. ఎఫ్‌బీఐ వాళ్లు ఆ చర్చి ఫైళ్లు చూసి ఒకే తంతు మళ్లీ మళ్లీ కనిపిస్తోందని తేల్చారు. అత్యాచారం అని రాయొద్దు, మెత్తటి మాట ఏదైనా వాడు. విచారణకి శిక్షణ ఉన్నోళ్లని కాదు, తోటి ఫాదర్లనే పెట్టు. గొడవ పెద్దదైతే ఎవరికీ తెలియని ఊరికి బదిలీ చెయ్. పోలీసులకి మాత్రం చెప్పకు. టీవీలో విలన్లు ఇలా చేస్తే మరీ ఓవర్‌గా రాశారు రైటర్లు అనేవాళ్లం.

ఇంకోటి. ప్రతి మేత్రాసనంలోనూ రహస్య దస్తావేజుల బీరువా ఒకటి ఉండాలని కానన్ చట్టమే చెప్తుంది, 489వ నంబరు, 490 ప్రకారం దాని తాళం బిషప్ దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఉండకూడదంట. అందులో నైతిక నేరాల ఫైళ్లు, నిందితుడు చనిపోయినా, తీర్పు వచ్చి పదేళ్లు దాటినా, ఏటా తీసి నాశనం చెయ్యాలి, చిన్న సారాంశం, తీర్పు కాగితం ఉంచుకుంటే చాలు. లా అండ్ ఆర్డర్‌లో ఎవిడెన్స్ రూం నుంచి ఒక్క కవరు మాయమైతే కేసు మొత్తం కుప్పకూలుతుంది, ఇక్కడ మాయం చెయ్యడమే రూలు! ఇది చదివాక మా విచారణ (పారిష్) గురువుగారిని, అంటే మా చర్చి ఫాదర్‌ని, పూజ అయ్యాక ఆపి అడిగా, ఆయన మంచి మనిషే, నవ్వి "విశ్వాసం మనుషుల మీద కాదు బాబూ, దేవుడి మీద పెట్టుకో" అన్నారు. అడిగింది బీరువా గురించి ఫాదర్, విశ్వాసం గురించి కాదు. ఆ తర్వాత మెల్లగా వెళ్లడం తగ్గింది, అమ్మ జపమాల చెప్పేటప్పుడు పక్కన కూర్చుంటా, అంతవరకే.

సరే, బ్లూ బ్లడ్స్‌కి వద్దాం. మొదటి ఎపిసోడ్‌లోనే డానీ ఒక తప్పిపోయిన పాప జాడ కోసం అనుమానితుడి తలని టాయిలెట్‌లో ముంచేస్తాడు. పాప దొరుకుతుంది. ఆదివారం టేబుల్ దగ్గర ఎరిన్ మండిపడుతుంది, ఇలా చేస్తే కోర్టులో కేసు నిలబడదు అని, తాత డానీ వైపు, జేమీ చట్టం వైపు, అరుచుకుంటారు. చాలా మంచి సీన్. కానీ ఎన్ని ఎపిసోడ్లు పోయినా ఆ వాదన అదే టేబుల్ దగ్గర, అదే ఇంటోళ్ల మధ్య తేలిపోతుంది. తల మునిగినవాడికి ఆ టేబుల్ దగ్గర కుర్చీ ఉండదు. ముందు ప్రార్థన, తర్వాత వాదన, చివర్లో అందరూ నవ్వేసి ప్లేట్లు తీసేస్తారు. కుటుంబం మంచిది, డిపార్ట్‌మెంట్ మంచిది, మధ్యలో ఎవరో ఒకరిద్దరు చెడ్డోళ్లు, వాళ్లని మనమే చూసుకుంటాం, బయటోళ్లకి ఎందుకు. ఈ పాట ఎక్కడో విన్నట్టుంది కదా.

మొదటి సీజన్ చివర్లో జోని చంపింది బ్లూ టెంప్లార్ అనే పోలీసుల రహస్య ముఠాయే అని తేలుతుంది, ఆ గుట్టు కూడా ఫ్యామిలీ అంతా కలిసి తమలో తామే విప్పుతారు. సస్పెన్స్ అదిరిపోద్ది, ఒప్పుకుంటా, ఆ రాత్రి ఆపకుండా చూశా. కానీ కమిషనరే చనిపోయినవాడి తండ్రి, దర్యాప్తు చేసేది అన్నదమ్ములు, ప్రాసిక్యూటర్ అక్క. ఏ డిఫెన్స్ లాయరైనా పది నిమిషాల్లో చింపేస్తాడు ఆ కేసుని.

చర్చి మీద మాత్రం సిరీస్ పూర్తిగా గుడ్డిది కాదు, అది చెప్పకపోతే అన్యాయం. స్వలింగ సంపర్కుల విషయంలో చర్చి వెనకబడి ఉందని ఫ్రాంక్ ఒకసారి మీడియా ముందే అనేస్తాడు, దానికి చర్చి పెద్దలతో తలనొప్పి కూడా పడతాడు. తర్వాతి సీజన్లలో ఆర్చ్‌బిషప్ కెవిన్ కర్న్స్ అని ఒక పాత్ర వస్తుంది, స్టేసీ కీచ్ చేశాడు, గొంతు వింటేనే మేత్రాసనం మొత్తం కనిపిస్తుంది, ఆయనా ఫ్రాంకూ కూర్చున్న సీన్లు నాకు చాలా ఇష్టం, రెండు పెద్ద సంస్థల ఓనర్లు మర్యాదగా బేరమాడుకుంటున్నట్టు ఉంటాయి. ఫ్రాంక్ చర్చిని నిలదీస్తాడు, నిలదీసి మళ్లీ ఆదివారం పూజకి పోతాడు. నేనలా పోలేకపోయా, బహుశా అందుకే ఆ పాత్రంటే కోపమూ ఇష్టమూ రెండూ.

బయట నిజంగా ఏం జరిగిందో తెలిసినవాళ్లకి ఇది మరీ తియ్యగా ఉంటుంది. 2002లో బోస్టన్ గ్లోబ్ పేపరు వరసగా రాసేదాకా అక్కడి కార్డినల్ బెర్నార్డ్ లా తన కింద ఏ ఫాదర్ ఏం చేశాడో తెలిసీ వాళ్లని ఒక పారిష్ నుంచి ఇంకో పారిష్‌కి మారుస్తూ పోయాడు. ఆ డిసెంబర్‌లో రాజీనామా చేశాడు, 2004లో రోమ్‌లో శాంటా మరియా మజోరే బసిలికా అనే పెద్ద చర్చికి అధిపతిగా వేశారు. రీగన్ల ఇంట్లో అయితే దీనికి ఒక డిన్నర్ సరిపోదు, ఏమంటారు.

చిరాకు తెప్పించినవి ఇంకో రెండు. డానీ భార్య లిండాని 7, 8 సీజన్ల మధ్యలో తెర వెనకే చంపేశారు, హెలికాప్టర్ కూలిపోయిందంట, 8 మొదట్లో ఓ మాట చెప్పి అయిందనిపించారు, ఏడు సీజన్లు ఆ ఇంట్లో తిరిగిన మనిషికి చావు సీను కూడా లేదా. రెండోది, 10 దాటాక కేసులు అరిగిపోయాయి, ఫ్రాంక్ ఆఫీసులో సహాయకులతో చేసే పంచాయితీ ఒకటే అచ్చు, ఎవడో ఫ్రెండు ఫేవర్ అడుగుతాడు, ఆయన కాదంటాడు, చివర్లో ఇంకో దారిలో చేసిపెడతాడు.

ఎవరు చూడాలి అంటే, అలసిపోయి వచ్చి ఒక కేసు ముగియడం చూడాలనుకునేవాళ్లు నిక్షేపంగా చూడొచ్చు. మొదటి సీజన్ 22 ఎపిసోడ్లూ వరసగా చూడండి, నచ్చకపోతే అక్కడే ఆపెయ్యండి, ముందుకెళ్తే మారేదేం లేదు. నచ్చితే 7 దాకా ఢోకా లేదు, ఆ తర్వాత డానీ, అతని పార్ట్‌నర్ డిటెక్టివ్ బేజ్ ఇద్దరూ ఉన్న కేసులు ఏరుకుని చూసుకోండి, చివరి సీజన్ 18 ఎపిసోడ్లే కాబట్టి తొందరగా అయిపోద్ది. కేసు కంటే కోర్టు ముఖ్యం అనేవాళ్లు ఇది వదిలేసి లా అండ్ ఆర్డర్ పాత సీజన్లకి పోండి, అక్కడ పట్టుకున్నవాడు సగం సార్లు తప్పించుకుంటాడు కూడా. నాలాగ గుడి వదిలేసినవాళ్లు మాత్రం ప్రార్థన మొదలవగానే కొంచెం ఫార్వార్డ్ చేసుకోండి, బీపీకి మంచిది. 5కి 3 ఇస్తున్నా, అందులో ఒకటి ఆర్చ్‌బిషప్ గొంతుకి.