మేరే, షిజి, సషిజు: జపనీస్‌లో ‘ఆదేశం’ అనడానికి ఏ మాట మేలు?

జపనీస్ నేర్చుకునే తెలుగువారు ‘ఆదేశం’ అన్న అర్థానికి నిఘంటువు తెరిస్తే మేరే, షిజి, సషిజు అనే మూడు మాటలూ పక్కపక్కనే కనిపిస్తాయి. మూడూ లాంఛనమైన రాతలో వాడుకలో ఉన్నవే. మేరే అన్నింటికంటే గట్టిదనీ, షిజి దానికంటే మెత్తనిదనీ వరుస కట్టి చెప్పడం పాఠాల్లో పరిపాటి. అది పూర్తిగా తప్పు కాకపోయినా, ఏ సందర్భంలో ఏది రాయాలో తేల్చుకోవడానికి ఆ కొలత చాలదు. చెప్పే అధికారం ఎవరికుంది, వినకపోతే ఏమవుతుంది అని అడిగితేనే తేడా తెలుస్తుంది.

ఇందుకు జపాన్ చట్టమే మంచి ఉదాహరణ. 2020లో కొవిడ్ వ్యాపించినప్పుడు, దుకాణాలు మూసివేయమని గవర్నర్లు ముందుగా ‘యోసే’, అంటే వినతి, చేసేవారు. దానికి స్పందించని వారికి షిజి జారీ చేసేవారు. అప్పట్లో షిజిని ఖాతరు చేయకపోయినా జరిమానా లేదు కాబట్టి కొన్ని పచింకో జూదశాలలు అది అందిన తర్వాత కూడా తలుపులు తెరిచే ఉంచాయి. 2021 ఫిబ్రవరిలో చట్టాన్ని సవరించి, అత్యవసర పరిస్థితిలో ధిక్కరించిన వారికి 3 లక్షల యెన్‌ల వరకు జరిమానా విధించే వీలు కల్పించినప్పుడు, అదే సెక్షన్‌లో షిజి అన్న మాటను తొలగించి మేరే అని పెట్టారు. జరిమానాతో పాటే మాట కూడా మారడం గమనించదగ్గది.

అలాగని షిజిని మన ‘సూచన’తో సమానం చేస్తే పొరపాటే. తెలుగులో సూచన అంటే నచ్చితే పాటించేది, నచ్చకపోతే వదిలేసేది. షిజికి ఆ వెసులుబాటు లేదు. వరదలూ కొండచరియలూ ముంచుకొచ్చినప్పుడు ఇళ్లు ఖాళీ చేయమని స్థానిక అధికారులు ఇచ్చేది ‘హినాన్ షిజి’. దానికి ముందు మెట్టుగా ‘హినాన్ కంకోకు’, అంటే ఖాళీ చేయమనే సిఫారసు, ఒకటి ఉండేది. సిఫారసు వచ్చినా జనం షిజి వచ్చేదాకా చూద్దామని ఆగిపోవడం ప్రమాదకరంగా మారడంతో, 2021 మే 20 నుంచి కంకోకును రద్దు చేసి షిజి ఒక్కటే ఉంచారు. దీన్ని పాటించని వారికి శిక్ష లేదు, అయినా ప్రాణాపాయం ఉన్న చోట ప్రభుత్వం చెప్పే మాట ఇదే. తెలుగులో దీనికి దగ్గరగా వచ్చేది డాక్టరుగారు ‘ఇలా వాడండి’ అని చెప్పే మాట. జపనీస్‌లో దాన్ని కూడా షిజి అనే అంటారు.

ఇక ఆఫీసు సంగతి. ఉద్యోగం ఇచ్చినవారికి గ్యోము మేరే, అంటే విధి నిర్వహణకు సంబంధించిన ఉత్తర్వు, జారీ చేసే హక్కు ఉంది. బదిలీ ఉత్తర్వును తెన్కిన్ మేరే అంటారు. అటువంటి బదిలీని కుటుంబ కారణాలతో కాదన్న ఒక పెయింట్ కంపెనీ ఉద్యోగి కేసులో 1986 జులైలో జపాన్ సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు చెల్లుతుందనే తేల్చింది. ఇంత బరువున్న మాట కనుకనే మేనేజర్లు రోజువారీ పనుల్లో దాన్ని నోట పలకరు. ‘ఇది గ్యోము మేరే’ అన్నారంటే మాటామాటా పెరిగి చివరి అంకానికి చేరిందని అర్థం. (మేరేలోని ‘రే’ అక్షరమే 2019లో మొదలైన రేవా శకం పేరులోనూ ఉంది. విదేశీ పత్రికలు కొన్ని ఆ పేరులో ‘ఆజ్ఞ’ను చూస్తే, ఇక్కడ దాని భావం ‘అందమైన’ అని జపాన్ విదేశాంగ శాఖ వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది.)

సషిజు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. నోటిమాటగా అది మన ‘పెత్తనం’ లాంటిది. ‘సషిజు సురునా’ అంటే ‘నాకు పురమాయించకు’ అని కసురుకోవడం. కాగితం మీద మాత్రం దానికి ఏ దోషమూ లేదు. కంపెనీల నిర్వహణకు వాడే శాప్ (SAP) సాఫ్ట్‌వేర్ జపనీస్ వెర్షన్‌లో ప్రొడక్షన్ ఆర్డర్‌ను ‘సేజో సషిజు’ అంటారు, మందుల తయారీ నిబంధనల్లోనూ తయారీ ఆదేశ పత్రం ‘సేజో సషిజుషో’యే. పత్రం పేరుగా కనిపించినప్పుడు అలాగే ఉంచాలి, మనుషుల మధ్య మాత్రం వాడకూడదు.

కనుక పై అధికారికి రాసే మెయిల్‌లో నిస్సందేహంగా షిజియే మేలు, అదీ గౌరవవాచకం చేర్చి: ‘గో-షిజి నో తోరి’, అంటే మీరు చెప్పిన ప్రకారం. ఇక్కడ ఒక సంగతి పాఠాల్లో అంతగా కనిపించదు. పని చెప్పే అధికారి సాధారణంగా ‘ఒనెగాయ్ షిమాసు’ అని అభ్యర్థనగానే ముగిస్తాడు. దాన్ని షిజి అని పిలిచి గౌరవించేది ఎక్కువగా అందుకునేవారే. అయితే ప్రతి చిన్న పనికీ గో-షిజి కోరుతూ కూర్చుంటే ‘షిజి-మాచి’, అంటే చెబితే తప్ప కదలని మనిషి, అన్న పేరు పడుతుంది. ‘ఇలా చేద్దామనుకుంటున్నాను, సరేనా’ అని అడగడం అంతకంటే మెరుగు.

క్లయింట్ ఆఫీసులో కూర్చుని పనిచేసే మన సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు మరో జాగ్రత్త తీసుకోవాలి. హాకెన్ అనే కార్మిక పంపిణీ పద్ధతిలో వెళ్లినవారికి పని చెప్పే అధికారం, అంటే షికి మేరే, క్లయింట్‌దే. ఉకేఓయి అనే కాంట్రాక్టు పద్ధతిలో వెళ్లినవారికి మాత్రం క్లయింట్ నేరుగా పని పురమాయించకూడదు. అలా జరిగితే దాన్ని ‘గిసో ఉకేఓయి’, అంటే ముసుగు కాంట్రాక్టు, అని చట్టవిరుద్ధంగా పరిగణిస్తారు. అటువంటి చోట క్లయింట్‌కు వినయంగా ‘గో-షిజి నో తోరి’ అని రాస్తే, లేని అధికారాన్ని ఉన్నట్టు రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టే కనిపిస్తుంది. అక్కడ ‘ఇరాయి’, అంటే అభ్యర్థన, అని రాసి, షిజిని సొంత కంపెనీ టీమ్ లీడర్‌కే పరిమితం చేయడం మంచిది.