వీధి పునర్నిర్మాణ సేవ: పనికి నాలుగు స్టార్లు, ఖర్చు పంపకానికి రెండు

మేముండే వీధిని నగరపాలక సంస్థ పూర్తిగా తవ్వి కొత్తగా నిర్మించింది. సర్వే మొదలైన నాటి నుంచి మా వాటా తెలిపే నోటీసు ఇంటికి చేరేదాకా ఆ పనిని దగ్గరుండి గమనించాను. ఇదీ డబ్బు చెల్లించి పొందే సేవే కనుక సమీక్షించడం సబబే. నేల కింద ఏముందో తెలుసుకోవడంలో చూపిన శ్రద్ధను, ఆ ఖర్చు ఎవరు ఎంత మోయాలో తేల్చడంలో చూపలేదన్నది నా అభిప్రాయం.

అన్నిటికంటే నాకు నచ్చింది ముందస్తు పరిశీలన. ఇంజనీర్లు మూడు చోట్ల రోడ్డును గుండ్రంగా కోసి నమూనాలు తీశారు. ఒకదాన్ని అడిగి చేతిలోకి తీసుకుని చూస్తే, పైన నల్లటి తారు, దాని కింద బూడిదరంగుకు తిరిగిన మరో పొర, ఆ కింద ఇంకొకటి, అట్టడుగున వేలితో నొక్కితే దిగబడే తడి మట్టి కనిపించాయి. గుంతలు పడ్డప్పుడల్లా పాతదాని మీదే కొత్త పొర పరుస్తూ వచ్చారనీ, అలా రోడ్డు ఎత్తు పెరిగి వాన నీళ్లు మా గుమ్మాల వైపు మళ్లాయనీ ఆ ఒక్క ముక్కను చూస్తేనే అర్థమైంది. మురుగు పైపులోకి కెమెరా పంపాక, మట్టిని తడుపుతున్నది దాని అతుకుల నుంచి కారే నీరేనని తేలింది. ఆ సంగతి తెలియకుండా నాలుగో పొర పరిచి ఉంటే అదీ మునుపటి మూడింటి దారే పట్టేది.

పనుల వరుస కూడా తెలివైనదే. అన్నిటికంటే లోతుగా ఉండే మురుగు పైపు ముందు, తర్వాత మంచినీటి పైపు, ఆపై కేబుళ్లు, చివరికి కంకర, తారు. రేపటి అవసరాలకు రోడ్డుకు అడ్డంగా ఖాళీ గొట్టాలను సైతం వేసి ఉంచారు. అయితే ఒక సాయంత్రం చీకటి పడుతోందన్న తొందరలో కాంట్రాక్టరు మనుషులు కందకాన్ని ఒకేసారి పూడ్చేశారు. రెండు వానలకే అది జానెడు కుంగింది. మట్టిని పలుచని పొరలుగా పోసి, తగిన తేమ దగ్గర దిమ్మిస చేయాలి. ఆ తేమ ఎంతో ప్రయోగశాలలో తేల్చే పద్ధతిని ప్రాక్టర్ అనే ఇంజనీరు 1933లోనే వివరించాడు, ఆ పరీక్షలో వచ్చిన గరిష్ఠ సాంద్రతలో 95 శాతమైనా సాధించాలన్నది మామూలు షరతు. మళ్లీ తవ్వించి, పరీక్ష చేయించాకే బిల్లు పాస్ చేసినందుకు పర్యవేక్షక ఇంజనీరును మెచ్చుకోవాలి.

పూర్తయ్యాక టేపు పట్టుకుని నేనే కొలిచాను (ఇంట్లోవాళ్లు నవ్వారు, అది వేరే సంగతి). ఆరు మీటర్ల రోడ్డుకు నడిమి నుంచి రెండు అంచుల వైపూ, అంటే చెరో మూడు మీటర్లకు, రెండు శాతం వాలు ఉండాలంటే నడిమి భాగం అంచుకంటే 6 సెంటీమీటర్లు ఎత్తుండాలి, ఉంది. కాలిబాట ర్యాంపు దగ్గర మాత్రం తేడా వచ్చింది. 15 సెంటీమీటర్ల ఎత్తుకు 1:12 వాలు చొప్పున 180 సెంటీమీటర్ల పొడవు కావాలి. వీధి మూల ర్యాంపు 110 దగ్గరే ఆగిపోయింది. చక్రాల కుర్చీలో వచ్చేవారికి అది ర్యాంపు కాదు, గోడ.

ఇక డబ్బు సంగతి. సొంత ఆదాయం కొంత, బాండ్ల ద్వారా తెచ్చిన అప్పు కొంత, ఇళ్ల యజమానుల వాటా కొంత. అప్పు చేయడంలో తప్పులేదు. ఇరవై ఏళ్లు నిలిచే రోడ్డుకు ఆ ఇరవై ఏళ్లూ దాన్ని వాడేవారు చెల్లించడం న్యాయమే, తీర్చే గడువు రోడ్డు ఆయుష్షును మించకపోతే చాలు. నా అభ్యంతరమంతా యజమానుల వాటాను వీధి వైపు హద్దు పొడవును బట్టి లెక్కగట్టడం మీదే. మూలనున్న చిన్న ఇంటికి రెండు వైపులా కలిపి బిల్లు వచ్చింది. ఇరుకు ముఖద్వారంతో పైకి లేచిన అపార్ట్‌మెంటులోని కుటుంబాలకు తలా కొంచెమే పడింది. ఎగువ వీధులన్నిటి మురుగునూ మోసే పైపు ఖర్చును సైతం మా లెక్కలోనే కలిపేశారు. పైగా 1958–60లో అమెరికాలో అక్కడి రాష్ట్రాల రహదారి అధికారుల సంఘం (ఆషో) జరిపిన రోడ్డు పరీక్షల నుంచి ఇరుసు భారం రెట్టింపైతే రోడ్డు అరుగుదల దాదాపు పదహారు రెట్లవుతుందని తేలింది. అడ్డదారిగా మా వీధిలోకి దూరే భారీ వాహనాల అరుగుదలకు మా కార్ల యజమానులు మూల్యం చెల్లించడం ఏ లెక్కన సరైనది? ఈ మాటలే అభ్యంతర పత్రంలో రాసి ఇచ్చాను.

అంచనాలో అనుకోని ఖర్చులకు కొంత పక్కన పెట్టారు కానీ, పటంలో లేని పాత కేబులు బయటపడటంతో అది కాస్తా కరిగిపోయి, చివరికి చెట్లు నాటే పని రద్దయింది. ఏటా పగుళ్లు పూడ్చడానికి నిధి ఎక్కడా కేటాయించలేదు. కొత్త రోడ్డును కొన్నేళ్లపాటు ఎవరూ తవ్వకుండా నిషేధం ఉంటుందా అని అడిగితే, పరిశీలనలో ఉందన్నారు. ఆ మరుసటి వారమే ఎవరో కేబుల్ మనిషి వచ్చి, మా గేటు ఎదుట తారు మీద సుద్దతో గీత గీసి వెళ్లాడు.