స్లైడ్ కోయాగులేజా, ట్యూబ్ కోయాగులేజా?

మైక్రోస్కోప్‌లో గ్రామ్ పాజిటివ్ కాకై (గ్రామ్ రంగు వేస్తే ఊదాగా కనిపించే గుండ్రటి బ్యాక్టీరియా) గుత్తులుగా కనిపించాయి, కెటలేజ్ పరీక్షలో హైడ్రోజన్ పెరాక్సైడ్ వేస్తే బుడగలొచ్చాయి. మరి ఆ బ్యాక్టీరియా స్టాఫిలోకాకస్ ఆరియస్ అవునా, కాదా? అది తేల్చడానికే కోయాగులేజ్ పరీక్ష: ప్లాస్మాతో (రక్తంలోని ద్రవభాగం) కలిపితే స్లైడ్ మీద బ్యాక్టీరియా గుంపు కడుతుందా, ట్యూబ్‌లో ప్లాస్మా గడ్డకడుతుందా అని చూడటం.

సమయం: స్లైడ్‌కి 10 సెకన్లు. ట్యూబ్‌కి 37 డిగ్రీల దగ్గర 4 గంటలు, గడ్డకట్టకపోతే 24 గంటల దాకా.

శ్రమ: స్లైడ్‌కి ఒక చుక్క కుందేలు ప్లాస్మా చాలు. ట్యూబ్‌కి ఇంకాస్త ప్లాస్మా, ఇంక్యుబేటర్.

పొరపాట్లు: అసలు తేడా ఇక్కడే. స్లైడ్ పట్టేది బ్యాక్టీరియా కణానికి అంటుకుని ఉండే క్లంపింగ్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్‌ని; ట్యూబ్ పట్టేది బయటికి విడుదలయ్యే కోయాగులేజ్‌ని. క్లంపింగ్ ఫ్యాక్టర్ తగినంత లేని ఆరియస్ రకాలు స్లైడ్‌కి దొరక్కుండా తప్పించుకుంటాయి. స్టాఫిలోకాకస్ లుగ్డునెన్సిస్ అనే మరో జాతి స్లైడ్‌లో పాజిటివ్‌గా బురిడీ కొట్టించగలదు. సెలైన్ కంట్రోల్ (ప్లాస్మా లేకుండా ఉప్పునీటిలోనే గుంపు కడుతుందేమో చూసుకోవడం) మానేస్తే ఇక టెన్షనే. ట్యూబ్‌లోనూ ఓ మెలిక ఉంది: 4 గంటలకి చూడకుండా మర్నాడు చూస్తే, కట్టిన గడ్డని స్టాఫిలోకైనేజ్ అనే బ్యాక్టీరియా ఎంజైమ్ కరిగించేసి ఉండొచ్చు.

చాలా కాలనీలను గబగబా వడపోయాలంటే స్లైడ్. స్లైడ్ నెగెటివ్ వచ్చినా, అనుమానంగా ఉన్నా ట్యూబే.