ఫ్రాస్టా, ఫైరా? దూరపు సర్వర్‌లో ఆడే మేజ్‌కు ఏది మేలు

ఈ మధ్య ఒకే ప్రశ్న నన్ను అయిదుగురు అడిగారు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ అనే ఆన్‌లైన్ ఆటలో మేజ్‌ను (మంత్రాలతో పోరాడే పాత్రను) పెంచుతున్నాం, టాలెంట్ పాయింట్లు (లెవెల్ పెరిగేకొద్దీ పాత్ర బలాలకు కేటాయించుకునేవి) ఫ్రాస్ట్‌లో (మంచు మంత్రాల చెట్టులో) పెట్టాలా, ఫైర్‌లో (నిప్పు మంత్రాల చెట్టులో) పెట్టాలా అని. వారిలో నలుగురు హైదరాబాదు, విజయవాడల నుంచి ఐరోపా సర్వర్లలో ఆడుతున్నవారు. అయిదో వ్యక్తి డాలస్‌లో ఉన్న మా పెద్దమ్మగారి అబ్బాయి. నలుగురికీ ఫ్రాస్ట్ అని చెప్పాను. అన్నయ్యకు మాత్రం నీకు నచ్చింది తీసుకో అన్నాను. ఆట ఒకటే, మేజ్ ఒకటే, జవాబులు మాత్రం రెండు. అలా ఎందుకు చెప్పానో వివరంగా రాయాలనిపించింది. నేను కూడా ఈమధ్యే హార్డ్‌కోర్ (చస్తే ఆ పాత్ర మళ్లీ బతకని) సర్వర్‌లో కొత్త మేజ్‌ను మొదలుపెట్టాను కాబట్టి ఈ లెక్కలన్నీ నా బుర్రలో తాజాగా ఉన్నాయి.

10వ లెవెల్‌లో మొదటి పాయింటు వస్తుంది, 60 చేరేసరికి మొత్తం 51 అవుతాయి. ఇది అందరికీ తెలిసిందే. కానీ సలహా అడిగేవారు దాదాపు అందరూ చివరి బొమ్మనే చూపిస్తారు. ఆర్కేన్ అనే మూడో చెట్టులో 17, ఫైర్‌లో 31, ఫ్రాస్ట్‌లో 3 అని ఎక్కడో చూసి, ఇది బాగుంటుందా అంటారు. బాగుంటుంది. అయితే ఆ బొమ్మ పూర్తయ్యేది 60వ లెవెల్‌లో. ఉద్యోగం చేసుకుంటూ రోజుకు రెండు గంటలు ఆడేవారికి అక్కడికి చేరడానికి నెలలు పడుతుంది. ఆ నెలలన్నీ మీరు సగం కట్టిన ఇంట్లోనే కాపురం ఉంటారు. కాబట్టి చూడవలసింది 23వ లెవెల్‌లో మీ చేతిలో ఏముంది, 34లో ఏముంది అన్నది.

ఒంటరిగా తిరిగే మేజ్ బతుకంతా దూరం మీద ఆధారపడి ఉంటుంది. ఒంటి మీద గుడ్డే తప్ప కవచం లేదు. శత్రువు దగ్గరకు వస్తే రెండు నష్టాలు. దెబ్బ ఎలాగూ తగులుతుంది, దానితోపాటు ప్రతి దెబ్బకూ మనం చేస్తున్న కాస్టు, అంటే మంత్రం విసరడానికి చేసే సన్నాహం, వెనక్కి జరుగుతుంది. అందుకే నేను ఏ టాలెంట్‌నైనా ముందు ఒకే ప్రశ్నతో తూకం వేస్తాను: ఇది శత్రువును నాకు ఎంత దూరంలో, ఎంతసేపు ఉంచుతుంది?

ఫైర్‌బాల్ 35 గజాల నుంచి తగులుతుంది, ఫ్రాస్ట్‌బోల్ట్ 30 గజాల నుంచి. మొదటి మార్కు ఫైర్‌దే. పై ర్యాంకుల్లో, టాలెంట్ వేశాక, ఫైర్‌బాల్ కాస్టుకు 3 సెకన్లు, ఫ్రాస్ట్‌బోల్ట్‌కు 2.5 సెకన్లు పడుతుంది. మన పాత్ర సెకనుకు 7 గజాలు పరుగెత్తుతుంది, శత్రువు వేగాన్ని కూడా సుమారుగా అంతే అనుకుందాం. మొదటి ఫైర్‌బాల్ తగలగానే వాడు పరుగు మొదలుపెడితే 5 సెకన్లలో మన మీద ఉంటాడు. ఈలోపు రెండో బాల్ వెళుతుంది, మూడోది మధ్యలో ఉండగా దెబ్బ పడుతుంది. అదే మొదటి ఫ్రాస్ట్‌బోల్ట్ తగిలితే వాడి వేగం 40 శాతం తగ్గుతుంది. 30 గజాలు దాటడానికి 7 సెకన్లు పడుతుంది. రెండు బోల్ట్‌లు పూర్తయి మూడోది ముగింపుకు వచ్చే సమయం అది. అప్పుడు ఫ్రాస్ట్ నోవా వేసి వాడి కాళ్లు కట్టేసి వెనక్కి నడిస్తే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. షాటర్ అనే టాలెంట్‌లో అయిదు పాయింట్లూ ఉంటే గడ్డకట్టిన శత్రువు మీద క్రిట్ (మామూలు కంటే పెద్ద దెబ్బ) అవకాశం 50 శాతం పెరుగుతుంది. కాళ్లు కట్టేసిన క్షణమే గట్టిగా కొట్టే క్షణం కూడా అవుతుంది. చాలా పోరాటాలు శత్రువు నన్ను ముట్టుకోకుండానే ముగుస్తాయి.

ఇక్కడే పింగ్ (మన కంప్యూటర్ నుంచి సర్వర్‌కు సంకేతం వెళ్లి రావడానికి పట్టే సమయం) సంగతి వస్తుంది. ఈ ఆటకు మన దేశంలో సర్వర్లు లేవు. మా ఇంటి నుంచి ఐరోపా సర్వర్‌కు పింగ్ సాధారణంగా 150 నుంచి 200 మిల్లీసెకన్ల మధ్య ఉంటుంది, వర్షం పడిన రాత్రి ఇంకా ఎక్కువ. కాగితం మీద అది చిన్న అంకె. ఆటలో మాత్రం తెర మీద శత్రువు కనిపించే చోటు, సర్వర్ లెక్కలో వాడు నిజంగా ఉన్న చోటు వేరువేరుగా ఉంటాయి. పరుగెత్తి వచ్చేవాడి విషయంలో ఆ తేడా గజానికి పైనే. ఇంకా దగ్గరకు రాలేదు కదా అనుకుని ఇంకొక కాస్టు మొదలుపెడితే అప్పటికే వాడు కత్తి దూసి ఉంటాడు. వాడి వేగం 40 శాతం తగ్గి ఉంటే ఆ తేడా కూడా అంతే తగ్గుతుంది, తప్పు జరిగినా సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. సరైన క్షణంలో స్పందించడం మీద నడిచే బిల్డ్ (టాలెంట్ల అమరిక) ఏదైనా దూరం నుంచి ఆడేవారికి బరువే. శత్రువును నెమ్మదింపజేసి మనకు సమయం మిగిల్చే బిల్డ్ మన పింగ్‌ను తన మీద వేసుకుంటుంది. డాలస్ అన్నయ్యకు అమెరికా సర్వర్ పక్కింటిలా ఉంటుంది. అందుకే ఆయనకు నేను ఈ షరతు పెట్టలేదు.

ఫైర్‌కు అన్యాయం చేయను. నా మొదటి మేజ్ ఫైర్ మేజే. పైరోబ్లాస్ట్ ఆరు సెకన్లు కూడగట్టుకుని తగిలినప్పుడు శత్రువు ప్రాణంలో పెద్ద ముక్క ఒక్కసారిగా ఎగిరిపోతుంది. ఆ ఆనందం ఫ్రాస్ట్‌లో దొరకదు. దగ్గరకు వచ్చినవాడి గురించి ఫైర్ ఏమీ ఆలోచించలేదని కూడా అనలేం. బర్నింగ్ సోల్‌లో రెండు పాయింట్లు పెడితే దెబ్బ తిన్నా ఫైర్ కాస్టు వెనక్కి జరగకుండా ఉండే అవకాశం 70 శాతం. ఇంపాక్ట్ వల్ల పదిసార్లలో ఒకసారి శత్రువు రెండు సెకన్లు స్తంభించిపోతాడు. ఒక్కడే శత్రువైతే ఇవి చాలు. స్ట్రాంగిల్‌థోర్న్ వేల్ అడవిలో ఒక పులిని కొడుతుండగా చెట్ల వెనక నుంచి రెండోది వచ్చిన ప్రతిసారీ నా ఫైర్ మేజ్ శవమై పడి ఉండేది. పదిలో ఒకసారి వచ్చే అదృష్టం రెండు పులుల ముందు నిలబడలేదు.

ఒకే లెవెల్‌లో ఏ చెట్టు ఏమి ఇస్తుందో పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 20వ లెవెల్‌లో ఫైర్ మీకు పైరోబ్లాస్ట్ ఇస్తుంది. అదే లెవెల్‌లో ఫ్రాస్ట్ మేజ్ బ్లిజార్డ్ అనే మంచువాన మంత్రం నేర్చుకుని, ఇంప్రూవ్డ్ బ్లిజార్డ్‌లో మొదటి పాయింటు పెట్టగలడు. 30లో ఫైర్‌కు బ్లాస్ట్ వేవ్. చుట్టూ చేరినవారందరినీ కొట్టి ఆరు సెకన్లు నెమ్మదింపజేస్తుంది, మంచి స్పెల్. ఫ్రాస్ట్‌కు ఐస్ బ్లాక్. పది సెకన్లు మిమ్మల్ని ఏదీ తాకలేదు. అంతకుముందే కోల్డ్ స్నాప్ తీసుకుని ఉంటే ఫ్రాస్ట్ స్పెల్స్ కూల్‌డౌన్లు (మళ్లీ వాడేవరకు ఆగవలసిన సమయాలు) తుడిచిపెట్టుకుపోతాయి, కాబట్టి ఐస్ బ్లాక్ వెంటవెంటనే రెండుసార్లు దొరుకుతుంది. 40లో ఫైర్‌కు కంబశ్చన్, మూడు నిమిషాలకు ఒకసారి క్రిట్‌లను పెంచుకునే ఆయుధం. ఫ్రాస్ట్‌కు ఐస్ బ్యారియర్, 30 సెకన్లకు ఒకసారి వేసుకోగల డాలు. మూడు మెట్లలోనూ ఫైర్ కొట్టడానికి ఇచ్చింది, ఫ్రాస్ట్ బతకడానికి ఇచ్చింది. ఒంటరిగా తిరిగేవారికి ఈ రెండింటిలో ఏది అవసరమో 30వ లెవెల్ నాటికి ఎవరికి వారికే తెలిసిపోతుంది.

గోల్డ్ (ఆటలోని డబ్బు) సంగతి కూడా చూడాలి. ఇంప్రూవ్డ్ బ్లిజార్డ్ మూడు పాయింట్లూ నిండితే ఆ మంచువానలో నడిచేవారి వేగం 65 శాతం తగ్గుతుంది, పెర్మాఫ్రాస్ట్ ఉంటే ఇంకొంచెం తగ్గుతుంది. పది మందిని ఒకేసారి వెంటేసుకుని వచ్చి, నోవాతో కట్టి, బ్లింక్‌తో బయటపడి, బ్లిజార్డ్‌లో ముంచవచ్చు. జుల్‌ఫరాక్ శ్మశానంలోని శవాలను, మరాడన్‌లోని మొక్కలను ఇలా ఒంటరిగా ఊడ్చే మేజ్‌లు అందరూ ఫ్రాస్టే. 40వ లెవెల్‌లో వాహనానికి సుమారు 100 గోల్డ్, 60లో వేగవంతమైనదానికి 1000 గోల్డ్ కావాలి. రోజుకు రెండు గంటలు ఆడేవారికి ఆ సొమ్ము ఇంకెక్కడి నుంచీ ఇంత తేలికగా రాదు. ఒక జాగ్రత్త: గుంపులను కొట్టాలనుకుంటే ఫ్రాస్ట్‌బైట్ తీసుకోవద్దు. అది కొందరిని ఉన్నచోటే గడ్డకట్టించి గుంపును చెదరగొడుతుంది, చెదిరిన గుంపు మీద బ్లిజార్డ్ పనిచేయదు.

ఫైర్ అసలు ఇల్లు రెయిడ్, అంటే పెద్ద గుంపు కలిసి బలమైన శత్రువుల మీదికి వెళ్లే పోరాటం. దాన్ని గొప్పగా నిలబెట్టేది ఇగ్నైట్. ఫైర్ స్పెల్ క్రిట్ అయితే ఆ దెబ్బలో 40 శాతం నాలుగు సెకన్ల పాటు మంటగా కొనసాగుతుంది. ఆ మంట ఒక శత్రువు మీద ఒకటే ఉంటుంది, రెయిడ్‌లోని ఫైర్ మేజ్‌లందరూ అందులోనే కట్టెలు వేస్తారు. అయిదు దొంతరల వరకు పెరుగుతుంది. అందరూ కలిసి స్కార్చ్‌తో శత్రువును ఫైర్‌కు మరో 15 శాతం బలహీనం చేసి, ఆ మంటను ఆరనివ్వకుండా నడిపిస్తే వచ్చే అంకెలకు ఫ్రాస్ట్ సాటి రాదు. అంటే ఫైర్ ఒక్కరి బిల్డ్ కాదు, ఇది ఉమ్మడి వ్యవసాయం. పక్కన ముగ్గురు నలుగురు మంచి ఫైర్ మేజ్‌లు, వారందరికీ బోలెడు క్రిట్ ఉన్న సామగ్రి ఉండాలి. అప్పుడు కూడా మోల్టెన్ కోర్ అనే రెయిడ్‌లో ఫైర్ అక్కరకు రాదు. అక్కడి చివరి శత్రువు రాగ్నరోస్‌ను నిప్పు తాకదు, మరో రెయిడ్‌లోని డ్రాగన్ ఓనిక్సియా అయినా అంతే. ఫైర్ కాలం ఆన్ కిరాజ్ అనే తర్వాతి రెయిడ్ తలుపులు తెరిచాక మొదలవుతుంది. 2019 ఆగస్టులో క్లాసిక్ మొదలైతే ఆ తలుపులు 2020లో తెరుచుకున్నాయి. దాదాపు ఏడాది పాటు రెయిడ్ మేజ్‌లు ఫ్రాస్ట్‌తోనే గడిపారు.

ఇంతకీ మనలో రెయిడ్‌కు వెళ్లేవారు ఎంతమంది? ఐరోపా సర్వర్‌లో రాత్రి 8 గంటల రెయిడ్ అంటే చలికాలంలో మనకు అర్ధరాత్రి 12:30, వేసవిలో 11:30. 40 మందిని కూడదీసి మూడు గంటలు నడిపే పని. మర్నాడు ఉదయం ఆఫీసుకు వెళ్లవలసినవారు వారానికి రెండుసార్లు దాన్ని మోయలేరు. సిడ్నీలో ఉన్న సర్వర్లను ఎంచుకుంటే సాయంత్రం 8 మనకు కాలాన్ని బట్టి మధ్యాహ్నం 2:30 లేదా 3:30 అవుతుంది, అది ఇంకా కష్టం. నన్ను అడిగిన నలుగురిలో ఒక్కరు కూడా రెయిడ్ గిల్డ్‌లో (ఆటగాళ్ల సంఘంలో) లేరు. వెళ్లని రెయిడ్ కోసం ఫైర్ బిల్డ్ కట్టుకుని అడవిలో పులుల చేతిలో చావడం దేనికి?

ఆర్కేన్ గురించి ఎక్కువ చెప్పను. లెవెళ్లు ఎక్కేటప్పుడు మానా (మంత్రాలకు ఖర్చయ్యే శక్తి) నిలవదు. 60లో ప్రెజెన్స్ ఆఫ్ మైండ్ వేసి పైరోబ్లాస్ట్‌ను తక్షణం విసిరే బిల్డ్ మనుషులతో పోరాడేవారికి సరదా. ఆర్కేన్ పవర్‌తో ఫ్రాస్ట్‌ను కలిపిన 31/0/20 (వరసగా ఆర్కేన్, ఫైర్, ఫ్రాస్ట్) రెయిడ్‌లో చక్కగా పనిచేస్తుంది. మూడు చెట్లలోనూ తలా పదిహేడు పంచేవారికి దేనిలోనూ చెట్టు చివరి టాలెంట్‌కు కావలసిన 31వ పాయింటు అందదు, ఆ దారి వద్దు.

పాయింట్లు మార్చుకోవడం గురించి ఒక మాట. మొదటిసారి ట్రైనర్ దగ్గర 1 గోల్డ్, రెండోసారి 5, మూడోసారి 10, తర్వాత ప్రతిసారీ అయిదేసి పెరుగుతూ 50 దగ్గర ఆగుతుంది. కాబట్టి ఫ్రాస్ట్‌తో 60 చేరి, మంచి గిల్డ్ దొరికితే ఒక్క గోల్డ్‌తో ఫైర్‌కు మారవచ్చు. ఆ చౌక అవకాశాన్ని 25వ లెవెల్‌లో ఊరికే ప్రయోగాలకు ఖర్చు చేయకండి. 2023 ఆగస్టులో వచ్చిన హార్డ్‌కోర్ సర్వర్లలో మాత్రం అసలు ప్రశ్నే వేరు. అక్కడ ఒక్కసారి చస్తే ఆ పాత్ర కథ ముగిసినట్టే. ఇక్కడి పింగ్‌తో అక్కడికి ఫైర్ మేజ్‌ను తీసుకెళ్లమని నేను ఎవరికీ చెప్పను. పోరాటం మధ్యలో ఇంటర్నెట్ తెగిపోతే ఏ బిల్డూ కాపాడదు. రెండు సెకన్లు తడబడితే మాత్రం ఫ్రాస్ట్ కాపాడుతుంది, నన్ను ఇప్పటికి రెండుసార్లు కాపాడింది.

నేను వేస్తున్న వరస అడిగినవారి కోసం: 10 నుంచి 14 వరకు ఇంప్రూవ్డ్ ఫ్రాస్ట్‌బోల్ట్ అయిదు. తర్వాత ఇంప్రూవ్డ్ ఫ్రాస్ట్ నోవా రెండు, పెర్మాఫ్రాస్ట్ మూడు. బ్లిజార్డ్ నేర్చుకునే 20 నుంచి ఇంప్రూవ్డ్ బ్లిజార్డ్ మూడు. 23లో కోల్డ్ స్నాప్, 24లో పియర్సింగ్ ఐస్ ఒకటి. 25 నుంచి 29 వరకు షాటర్ అయిదు. 30లో ఐస్ బ్లాక్. ఆ పైన ఇంప్రూవ్డ్ కోన్ ఆఫ్ కోల్డ్ మూడు, ఐస్ షార్డ్స్ అయిదు, 39లో పియర్సింగ్ ఐస్‌లో ఇంకొకటి. నిన్న రాత్రికి నా మేజ్ 34 దాటి ఐస్ షార్డ్స్‌లో మొదటి పాయింటు దగ్గర ఉంది. స్ట్రాంగిల్‌థోర్న్‌లో అవే పులుల దగ్గరే తిరుగుతున్నాను. ఇప్పుడు రెండు కలిసి వచ్చినా ఒకదాన్ని గొర్రెగా మార్చి, రెండోదాన్ని నోవాతో కట్టి, వెనక్కి నడుస్తున్నాను.