పాతికేళ్ళకు పైగా వింటున్న ‘ఆర్ యూ ఎక్స్‌పీరియన్స్‌డ్’

గిటారిస్టు, గాయకుడు జిమీ హెండ్రిక్స్ నడిపిన ‘జిమీ హెండ్రిక్స్ ఎక్స్‌పీరియన్స్’ అనే ముగ్గురి రాక్ బృందం తొలి ఆల్బమ్ ‘ఆర్ యూ ఎక్స్‌పీరియన్స్‌డ్’ సీడీ 1999లో, చెన్నైలో చదువుకుంటున్న ఒక మిత్రుడి సంచిలో విశాఖపట్నం పెదవాల్తేరులోని మా ఇంటికి చేరింది. మొదటి అయిదారేళ్ళు, అందరిలాగే నేనూ దానిని గిటారు కోసమే విన్నాను. ఇప్పుడు మాత్రం ముఖ్యంగా డ్రమ్స్ కోసం వింటున్నాను.

ఈ మార్పుకు కారణం మా నాన్నగారు. విజయనగరంలో మృదంగం నేర్చుకున్న ఆయన దృష్టిలో నేను వినేదంతా రణగొణధ్వనే. ఒక సాయంత్రం రెండో పాట ‘మానిక్ డిప్రెషన్’ మోగుతుండగా పేపరు పక్కన పెట్టి, తొడ మీద తాళం వేసుకుంటూ, “ఇది మూడు లెక్కల నడకరా. ఆ డ్రమ్ములాయన ఊరికే తాళం మోయడం లేదు, పక్కవాద్యం వాయిస్తున్నాడు” అన్నారు. ఆ మాట విన్నాక ఆల్బమ్ మొత్తం నాకు వేరేగా వినిపించసాగింది. ఈ బృందం డ్రమ్మరు మిచ్ మిచెల్. అతను ఎల్విన్ జోన్స్ అనే జాజ్ డ్రమ్మరును అభిమానించినవాడు. అందుకే హెండ్రిక్స్ ఒక సంగతి వేస్తే దానిని అనుసరిస్తూ, ఒక్కోసారి ముందుగానే అందుకుంటూ, పాటలో ఖాళీ దొరికినచోటల్లా దూరిపోతాడు. ‘ఫైర్’ పాటను నిజంగా నడిపేది గిటారు కాదు, అతని చేతులే. గిటారిస్టుగా అవకాశం వెతుక్కుంటూ వచ్చి బేస్ గిటారు అందుకున్న నోయెల్ రెడింగ్ పెద్దగా విన్యాసాలు చేయడు కానీ, అతను నేల మీద నిలకడగా నిలబడడం వల్లనే మిగిలిన ఇద్దరికీ ఎగిరే వీలు చిక్కింది.

ఇదంతా నాలుగు ట్రాకుల టేపు యంత్రాల మీద, అంటే నాలుగు వరుసల్లో మాత్రమే శబ్దాలను విడివిడిగా నమోదు చేయగల వాటి మీద, చేసిన పని అని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు. లండన్‌లోని ఒలింపిక్ స్టూడియోలో ఇంజనీరు ఎడీ క్రేమర్ డ్రమ్స్‌కు రెండు ట్రాకులు, బేస్‌కూ గిటారుకూ మిగిలిన రెండూ కేటాయించి, ఆ నాలుగింటినీ మరో యంత్రం మీద రెండు ట్రాకుల్లోకి కుదించి, అలా మిగిలిన జాగాలో గాత్రాన్నీ సోలో గిటారునూ చేర్చేవాడు. ఆల్బమ్ పేరే పెట్టుకున్న చివరి పాటలో గిటారునూ డ్రమ్స్‌నూ టేపును వెనక్కి తిప్పి వినిపిస్తారు; అలలు ఒడ్డుకు రాకుండా సముద్రంలోకే లాగేసుకుంటున్నట్టు ఉండే ఆ శబ్దం ఎన్నిసార్లు విన్నా పాతబడలేదు.

పాతబడినవీ ఉన్నాయి. సుమారు ఆరు నిమిషాల నలభై సెకన్ల ‘థర్డ్ స్టోన్ ఫ్రమ్ ది సన్’లో రాగం అందమైనదే కానీ, వేగం తగ్గించి మందకొడిగా చేసిన మాటలు ఇప్పుడు విసుగు పుట్టిస్తున్నాయి. (భూమికి వచ్చిన గ్రహాంతరవాసికి ఇక్కడి మనుషులకన్నా కోళ్ళే నచ్చుతాయన్నది మాత్రం నాకు సమ్మతమే.) ‘ఫాక్సీ లేడీ’ సాహిత్యంలోని వేటగాడి చూపు ఇరవై ఏళ్ళ వయసులో పట్టలేదు, ఇద్దరు ఆడపిల్లల తండ్రిగా ఇప్పుడు పడుతోంది. ‘రిమెంబర్’ సాదాసీదా పాట.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడ్డాక మా వీధికి తొమ్మిది రోజులు కరెంటు లేదు. బ్యాటరీతో నడిచే చిన్న సీడీ ప్లేయరులో రోజుకు రెండు పాటల చొప్పున పొదుపుగా విన్నాను. చెట్లన్నీ కూలి ఊరు బోసిపోయిన ఆ చీకట్లో నాకు ఊరట ఇచ్చింది హోరు పాటలు కావు, జలపాతం గురించిన ‘మే దిస్ బీ లవ్’. చివర్లో గిటారు ఒక చెవి నుంచి మరో చెవికి తేలిపోతుంటుంది. ఆ తేలిపోవడం రెండు చెవులకూ వేర్వేరు శబ్దం పంపే స్టీరియో మిశ్రమంలోనే ఉంటుంది. 1967 మే నెలలో బ్రిటన్‌లో మొదట విడుదలైనది మోనో, అంటే రెండు చెవులకూ ఒకే శబ్దం వినిపించేది. లాసన్స్ బే కాలనీలో ఒక మిత్రుడి ఇంట్లో మోనో ఎల్పీ విన్నాను. అందులో ముగ్గురూ ఒకే చోట గుంపుగా నిలబడి మీదికి వస్తున్నట్టు ఉంటుంది. గట్టిగా వాయించే పాటలకు అదే మేలు.

కొనదలచినవారు పాటల వరుస చూసుకోవాలి. 1967 ఆగస్టులో వచ్చిన అమెరికా కూర్పులో ‘పర్పుల్ హేజ్’, ‘హే జో’, ‘ది విండ్ క్రైస్ మేరీ’ చేర్చి, ‘రెడ్ హౌస్’తో సహా మూడింటిని తీసేశారు. ఇంత చక్కని బ్లూస్ పాటను ఎలా వదులుకోబుద్ధయిందో నాకు అంతుపట్టదు. నా దగ్గరున్నది 1997 నాటి పదిహేడు పాటల సీడీ. బ్రిటిష్ వరుసలోని పదకొండు పాటలయ్యాక ఆపి, మిగిలిన ఆరింటినీ వేరుగా వింటాను.

సముద్రపు గాలికి ఈ సీడీతో వచ్చిన చిన్న పుస్తకం అట్ట రెండుసార్లు బూజు పట్టింది. సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో పెట్టడం మొదలుపెట్టాక మూడోసారి పట్టలేదు. సీడీ మాత్రం ఈ వేసవి నుంచి తొమ్మిదో పాట మధ్యలో తడబడుతోంది.